పెరటి మిరప – రేపటి విత్తనం

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చేతికందిన దానిని చులకనగా చూడడం మానవ స్వభావం. ఖమ్మం సీమలో పుట్టి పెరిగిన మనము మిరపను అట్లే చూస్తున్నామని మా అభిప్రాయం.

తేజ మిరపకు ఖమ్మం మార్కెట్టు పేరెన్నికగన్నది. కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి ఆదివాసీ కూలీలు అడవి దాటి భద్రాచలం చుట్టుపట్ల చేలకు వస్తారు. అయినా మిరప మన నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండం నుండి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి వెంట వచ్చినది. అంతకుముందు మన వంటలకు ఘాటునిచ్చినది మిరియము. ఆ పేరే మిరపకూ అబ్బినది. ఉర్దూలోను మిరియము కాలీ మిర్చ్, ఎండు మిరప లాల్ మిర్చ్.

పరదేశపు గింజ మన ఇంటి బిడ్డ ఎట్లయినది? నచ్చిన కాయను ఎంచి, పండబెట్టి, విత్తనానికి దాచిన రైతుల, ఇల్లాండ్ర చేతుల వలన. పొరుగున వరంగల్ ప్రాంతపు చపాటా మిరప అట్లు నిలిచినదే. కారం తక్కువ, రంగు ఎక్కువగల ఆ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది.

నేడు అంగడి కోరిన రకమే చేనిలో కనిపిస్తున్నది. సంకర విత్తనాన్ని ఏటేటా కొనక తప్పదు, దాని గింజ నాటితే తల్లి గుణం నిలువదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతను పీల్చివేసి తెలంగాణ, ఆంధ్ర రైతులను కుంగదీసినది. పెరటి రకాలు దానిని తట్టుకొనేవని మేము అనము. తట్టుకొనే గుణాన్ని వెదకవలెనంటే పలు రకాలు మిగిలి ఉండవలెను. మా వాదమంతే.

ఒక అనుభవం చెప్పెదము. మాలో కొందరము బజ్జీ మిరపను, చిట్టి కారపు మిరపను పక్కపక్క కుండీలలో పెంచితిమి. మరుసటి ఏడు బజ్జీ మిరప గింజలనే నాటితిమి. రంజాన్ మాసపు ఇఫ్తారులో ఆ బజ్జీ కొరికిన మిత్రుడు మంచినీళ్ల కుండను వదలలేదు! తేనెటీగలు పుప్పొడిని మార్చినవని అప్పుడు తెలిసినది. కావున విత్తనానికి ఉంచదలచిన కొమ్మకు పూత విచ్చకముందే పలుచని గుడ్డ సంచి కట్టవలెను. పిందె పడిన పిదప సంచి విప్పి, ఆ కాయలకు దారం గుర్తు కట్టవలెను. చెట్టుననే పండిన కాయను కోసి, గింజలను నీడన ఆరబెట్టి, తడి తగలని సీసాలో రకము పేరు, సంవత్సరము వ్రాసి దాచవలెను. ఇందుకు ఎకరాలక్కరలేదు, ఎండ తగిలే నాలుగు కుండీలు చాలును.

రైతు తన విత్తనాన్ని దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును 2001 నాటి చట్టము గుర్తించినది. వాడుకొనని హక్కు తుప్పు పట్టిన కొడవలి వంటిది.

కళాశాల కార్యవర్గము వారికి మా మనవి ఒక్కటే. ఆవరణలో ఒక మడి కేటాయించండి. విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఊరు వెళ్లినప్పుడు అమ్మమ్మను, నానీని అడిగి ఒక్కొక్క రకము గింజలు పొట్లం కట్టి తెండి. ఏ రకము ఎవరింటి నుండి వచ్చినదో తెలుగులోను, ఉర్దూలోను పలక వ్రాసి నిలుపుదము. పుస్తకము వలె విత్తనమును కూడ ఒక తరము మరొక తరమునకు అందించవలసిన విద్యయే.