పుస్తకంలోని కోపం తెర మీదికి ఎందుకు రాదు?

సైన్స్ ఫిక్షన్ అనగానే చాలామందికి ఎగిరే పళ్ళాలు, లేజర్ తుపాకులు, బుర్ర పెద్దగా ఉండే గ్రహాంతరవాసులు గుర్తుకొస్తారు. "అదంతా చిన్నపిల్లల సరదా, పోటీ పరీక్షలకు పనికిరాదు" అని పెద్దలు కొట్టిపారేస్తారు. మేము మాత్రం ఆ మాట ఒప్పుకోము. మన హాస్టల్‌లో ఈ పిచ్చి పట్టినవాళ్ళం కొందరం ఉన్నాం. లైబ్రరీలో దొరికినవి చదివాం, కామన్ రూమ్ టి.వి.లోనూ ఫోన్లలోనూ వచ్చినవి చూశాం. స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పే దాకా వాటి గురించి వాదించుకున్నాం. ఆ వాదనల్లో తేలిన అభిప్రాయాలే ఇవి. సోదర విద్యార్థులు, పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు చదివి, తప్పనిపిస్తే మాతో పోట్లాడవచ్చు.

నవలను సినిమాగా తీసినప్పుడల్లా అభిమానులు "పుస్తకంలో అలా లేదు" అని గొడవ చేస్తారు. మాకు ఆ గొడవతో పెద్దగా పని లేదు. మైకేల్ క్రైటన్ 1990లో రాసిన 'జురాసిక్ పార్క్' నవలలో పార్కు యజమాని హామండ్ పచ్చి డబ్బు మనిషి. చివరికి తాను పుట్టించిన డైనోసార్ల చేతిలోనే చస్తాడు. 1993లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమాలో అదే హామండ్ తెల్లగడ్డం తాతయ్య అయ్యాడు, క్షేమంగా బయటపడ్డాడు. నవలలో అన్నా చెల్లెళ్ళుగా ఉన్న పిల్లలు సినిమాలో అక్కా తమ్ముళ్ళయ్యారు. అయినా సినిమా చెడలేదు. ప్రాణమున్నదాన్ని సరుకు చేసి అమ్మబోతే అది మన అదుపులో ఉంటుందా అన్న ప్రశ్న అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కథ మార్చుకోండి, ఊరు మార్చుకోండి, ముగింపు మార్చుకోండి. రచయిత ఎవరి పక్షాన నిలబడి రాశాడో ఆ పక్షం మాత్రం మార్చకండి. మా వాదన అంతే.

హెచ్.జి. వెల్స్ విషయంలో జరిగింది మాత్రం అదే. ఈయన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈయన మనకు దగ్గరి మనిషి. తల్లి ఒక పెద్ద జమీందారీ భవంతిలో పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే ఉద్యోగి. అప్‌పార్క్ అనే ఆ భవంతిలో వంటశాల నుంచి ఇంట్లోకి పనివాళ్ళు నేల కింది సొరంగాల గుండా నడిచేవారు. పైనున్న దొరల కంట పడకుండా అన్నం వచ్చేది, పళ్ళేలు వెళ్ళేవి. వెల్స్ చిన్నతనంలో బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి చేరి, అది భరించలేక బయటపడ్డాడు. 1884లో స్కాలర్‌షిప్ మీద లండన్‌లో సైన్స్ చదవడానికి వెళ్ళాడు. వారానికి ఒక గినీ ఇచ్చేవారు. ఆ డబ్బు ఎందుకూ చాలేది కాదట! స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే బాధ మనకు ఒకరు చెప్పాలా?

అలాంటి మనిషి 1895లో 'ది టైమ్ మెషిన్' రాశాడు. కథానాయకుడు 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. అక్కడ నేల మీద ఎలాయ్‌లు అనే అందమైన, సున్నితమైన మనుషులు పండ్లు తింటూ, ఆడుకుంటూ బతుకుతుంటారు. నేల కింద చీకట్లో మార్లాక్‌లు యంత్రాలు నడుపుతుంటారు. రాత్రిపూట పైకి వచ్చి ఎలాయ్‌లను పట్టుకుపోయి తింటారు. ఇంతవరకైతే ఇది దెయ్యాల కథే. కానీ వెల్స్ కారణం చెబుతాడు. కూర్చుని తినేవాళ్ళు, కష్టం చేసేవాళ్ళు అని రెండుగా చీలిన సమాజం లక్షల ఏళ్ళు అలాగే సాగితే చివరికి రెండు వేరు వేరు జాతులవుతాయని ఆయన ఊహ. అప్‌పార్క్ సొరంగాలే పెరిగి పెరిగి మార్లాక్‌ల లోకమయ్యాయని మేము అనుకుంటాం. ఊరికీ వాడకీ మధ్య దూరం తెలిసిన మనం ఈ పుస్తకాన్ని చదివే తీరు వేరు. మార్లాక్ అంటే మాకు భయం వేయలేదు. వాడు అలా ఎందుకయ్యాడని ఆలోచన వచ్చింది.

1960లో జార్జ్ పాల్ దీన్ని సినిమాగా తీశాడు. కాలం గిర్రున తిరిగే దృశ్యాలు ఇప్పటికీ ముచ్చటగా ఉంటాయి, వాటికి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ మార్లాక్‌లు పుట్టడానికి కారణం మారిపోయింది. యుద్ధాల వల్ల కొందరు నేల కింద ఉండిపోయారు, కొందరు పైకి వచ్చారు అని సరిపెట్టారు. అణుబాంబు భయం ఉన్న రోజులు కాబట్టి అర్థం చేసుకోగలం. 2002లో వచ్చిన సినిమాలో ఆ మాత్రం కూడా లేదు. చంద్రుడు బద్దలయ్యాడు, మనుషులు రెండుగా చీలారు, అంతే. తమాషా ఏమిటంటే ఈ సినిమా దర్శకుడు సైమన్ వెల్స్ స్వయానా రచయిత మునిమనుమడు! రక్తసంబంధం ఉంటే చాలదని దీన్ని బట్టి తెలుస్తోంది. రెండు సినిమాల్లోనూ హీరో ఎలాయ్‌లను కాపాడే వీరుడు, మార్లాక్ ఉత్త రాక్షసుడు. కష్టం చేసేవాడి చరిత్ర తీసేస్తే మిగిలేది రాక్షసుడే కదా.

మన తెలుగువారు ఆ యంత్రాన్ని అరువు తెచ్చుకుని సొంత కథ అల్లుకున్నారు. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369' మనల్ని 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, 2504వ సంవత్సరానికీ తీసుకెళ్ళింది. ఆ సినిమా అంటే మా అందరికీ ప్రాణం. ఒక్కటే కొరత. రాయలవారి కాలానికి వెళ్ళిన యంత్రం రాజసభ దగ్గరే ఆగింది. ఆ కాలంలో రాళ్ళు మోసినవాళ్ళ గుడిసెల దాకా వెళ్ళి ఉంటే ఏం కనపడేదో! 2024లో వచ్చిన 'కల్కి 2898 ఎ.డి.'లో పైన అన్నీ ఉన్న కాంప్లెక్స్, కింద నీటికీ గాలికీ కటకటలాడే కాశీ కనిపిస్తాయి. మేము ఆశపడ్డాం. ఆ తర్వాత ఫైటింగులు ఎక్కువైపోయి కింది జనం వెనక్కి వెళ్ళిపోయారు.

ఇక రంగు సంగతి. ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ' కథల్లో (ఇవి మంత్రాల కథలు, సైన్స్ కాదని మాలో కొందరి అభ్యంతరం) నాయకుడు గెడ్‌ది రాగి రంగు చర్మం. అతని ప్రాణస్నేహితుడు నల్లనివాడు. ప్రపంచంలో ఎక్కువమంది తెల్లవాళ్ళు కానప్పుడు కథల్లో మాత్రం అందరూ తెల్లవాళ్ళెందుకుండాలని ఆమె కావాలనే అలా రాసింది. 2004లో అమెరికాలో ఒక టి.వి. చానల్ దాన్ని సీరియల్‌గా తీసినప్పుడు గెడ్‌ను తెల్లవాణ్ణి చేసేశారు. లె గ్విన్ ఊరుకోలేదు, నిరసనగా వ్యాసం రాసింది. హక్కులు అమ్మేశాక రచయితకు మిగిలేది కలం ఒక్కటే. మన సినిమాల్లో నల్లటి అబ్బాయి పాత్రకు కూడా తెల్లటి హీరోను తెచ్చి మొహానికి రంగు పూస్తారు చూడండి, అది చూసినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

తెర మీద కనపడితే ఏమొస్తుందని కొందరు అడుగుతారు. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్‌లో నల్లజాతి నటి నిచెల్ నికోల్స్ అంతరిక్ష నౌకలో ఆఫీసరుగా వేసింది. వంటమనిషిగానో పనిమనిషిగానో కాకుండా ఆఫీసరుగా! మొదటి ఏడాది తర్వాత మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా వద్దని చెప్పాడు. ఆ సీరియల్ చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ అయ్యింది. కనపడితే వచ్చేది అదీ.

మేము అందరికీ చెప్పాలనుకునే పుస్తకం ఇంకొకటుంది. ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్'. బట్లర్ తల్లి ఇళ్ళలో పని చేసేది, దొరసానుల ఇళ్ళలోకి వెనక గుమ్మం నుంచి వెళ్ళేది. నవలలో 1976 నాటి డానా అనే నల్లజాతి యువతి ఉన్నట్టుండి పాతకాలపు బానిసల తోటలోకి వెళ్ళి పడుతుంది. యంత్రం లేదు, సూత్రం లేదు. అక్కడ ఒక తెల్ల యజమాని కొడుకును ఆమె పదేపదే చావు నుంచి కాపాడాలి. వాడు బతక్కపోతే ఆమె వంశమే లేదు, ఎందుకంటే వాడు ఆమె ముత్తాతల్లో ఒకడు. పాత తరం వాళ్ళు ఎందుకు తలవంచుకుని బతికారు, ఎదురు తిరగలేదేం అని మనం మన తాతలను అడుగుతుంటాం. ఆ ప్రశ్నకు ఇంత నిజాయితీ గల జవాబు మేము ఎక్కడా చదవలేదు. అక్కడ బతికి ఉండటమే ఒక పోరాటం.

2022 డిసెంబరులో ఇది ఎనిమిది భాగాల సీరియల్‌గా వచ్చింది. డానా కాలాన్ని 2016కు మార్చారు, పుస్తకంలో లేని విధంగా ఆమె తల్లిని ఆ పాతకాలంలో సజీవంగా చూపించారు. ఈ మార్పుల మీద మాలో రెండు వర్గాలున్నాయి. కానీ పక్షం మారలేదని అందరం ఒప్పుకున్నాం. డానా వీపు మీది దెబ్బలను కెమెరా దాచలేదు. అయితే 2023 మొదట్లోనే, కథ సగంలో ఉండగా, సీరియల్ ఆపేశారు. డానా తిరిగి వచ్చిందా, వస్తే ఏం పోగొట్టుకుని వచ్చిందన్నది టి.వి.లో తేలలేదు. పుస్తకంలో తేలింది. మన లైబ్రరీకి ఒక కాపీ తెప్పించమని వార్డెన్ సారును అడగబోతున్నాం. ఇంగ్లీషు కష్టమనిపించినవాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకు మా గదికి వస్తే కలిసి చదువుకుందాం.