రోడ్డు ఎవడబ్బ సొత్తు?

"బైక్ లేన్" అనగానే మనవాళ్ళలో సగం మందికి పల్సర్ గుర్తొస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా, నేను మాట్లాడేది తొక్కే సైకిలు గురించి. టొరాంటోలో బ్లూర్ వీధి పక్కన కార్లు ఆపుకునే చోటు తీసేసి సైకిళ్ళకి దారి వేశారు కదా, ఆ గొడవ. 2016 ఆగస్టులో మొదలైంది, ఇప్పటికీ చల్లారలేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ పుట్టినరోజు పార్టీకెళ్ళినా సరే, బిర్యానీ అయ్యి పెరుగన్నంలోకి వచ్చేసరికి ఈ టాపిక్ వచ్చేస్తుంది. "ఈ మంచులో సైకిలెవడు తొక్కుతాడండీ?" "షాపులన్నీ దెబ్బతిన్నాయట." "ట్రాఫిక్ అంతా వాటివల్లేనట." నాకు ఒళ్ళు మండేది ఆ చివరి "ట" దగ్గరే. అక్కడున్నవాళ్ళంతా ఇంజనీర్లే. ఆఫీసులో ఎవడైనా వచ్చి "సర్వర్ స్లోగా ఉందట" అంటే ఊరుకుంటామా? లాగులు చూపించు అంటాం (నిక్కర్లు కాదు మహాప్రభో). మరి రోడ్డు విషయానికొచ్చేసరికి ఆ బుర్రని ఎక్కడ తాకట్టు పెడతారో!

సరే, లాగులే చూద్దాం. ఈ లేన్లు వేయడానికి చాలా ముందే, 2009లో, బ్లూర్ వీధిలో ఆనెక్స్ అనే పేట మీద ఒక అధ్యయనం వచ్చింది. కొట్ల వాళ్ళనీ, కొనడానికొచ్చిన వాళ్ళనీ విడివిడిగా అడిగారు. తేలిందేమిటంటే, కారులో వచ్చేది పదిమందిలో ఒక్కరు! మిగతావాళ్ళు నడిచో, సైకిలు మీదో, మెట్రోలోనో వచ్చేవాళ్ళే (ఆ వీధి కిందే మెట్రో రైలు పోతుంది మరి). నెల మొత్తం లెక్కేస్తే ఎక్కువ ఖర్చు పెట్టేది కూడా నడిచొచ్చేవాళ్ళూ, సైకిలు మీదొచ్చేవాళ్ళేనట. (ఈ "ట"కి లెక్కుంది.) ఇందులో వింతేం లేదు. కారున్నవాడు రెండు వారాలకోసారి కాస్ట్కోకెళ్ళి డిక్కీ నింపుకుంటాడు. పక్క వీధివాడు పాలకీ, కూరగాయలకీ, కాఫీకీ రోజూ కొట్టుకొస్తాడు. కానీ కొట్టతనికి గుర్తుండేది ఎవరు? పార్కింగ్ దొరకలేదని లోపలికొచ్చి అరిచి వెళ్ళినవాడు. నడిచొచ్చినవాడు "ఎలా వచ్చాను" అని ఎందుకు చెబుతాడు?

2016లో ముందు ప్రయోగంగా 2.4 కిలోమీటర్లు వేశారు. వేశాక మళ్ళీ కొలిచారు. సైకిళ్ళు 49 శాతం పెరిగాయి. కార్డు చెల్లింపుల లెక్కల ప్రకారం ఆ వీధిలో జనం పెట్టిన ఖర్చు 4 శాతానికి పైగా పెరిగింది, చుట్టుపక్కల పేటలకన్నా ఎక్కువే. దాంతో 2017 నవంబరులో నగర కౌన్సిల్ 36-6 ఓట్లతో దాన్ని శాశ్వతం చేసింది.

కార్లకి నష్టమేం లేదా అంటే, ఉంది. సాయంత్రం రద్దీలో ఆ ముక్క దాటడానికి సుమారు 4 నిమిషాలు ఎక్కువ పడుతోందని ఆ లెక్కలే చెప్పాయి. దాచాల్సిన పనేముంది? నాలుగు నిమిషాలు. పొద్దున్న స్టాండప్ మీటింగులో మన మేనేజర్లు రోజూ అంతకన్నా ఎక్కువే మింగుతారు, దానికి ఎవ్వరం ఉద్యమం చెయ్యం.

ఇక "నా పార్కింగ్ లాక్కున్నారు" అనే బాపతు. "నా" ఏంటండీ? మన ఊళ్ళో ఎవడైనా ఇంటిముందు మెట్లు రెండు రోడ్డు మీదకి జరిపితే కబ్జా అంటాం. అదే జాగాలో టయోటా పెట్టి తాళం వేసుకుపోతే హక్కు అయిపోతుందా? డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసరు 2005లో "ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్" అని లావుపాటి పుస్తకం రాసి మరీ మొత్తుకున్నాడు, ఊరికే వస్తోందనుకునే పార్కింగ్ ఊరికే రాదు, కారు లేనివాడు కూడా దాని ఖరీదు కడుతున్నాడని. అరవై పేజీలు చదివినా చాలు, తర్వాత కారు ఆపేటప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది.

2024 నవంబరులో ఒంటారియో ప్రభుత్వం బిల్ 212 పాస్ చేసి బ్లూర్, యంగ్, యూనివర్సిటీ వీధుల్లో లేన్లు పీకేస్తామంది. పీకడానికి అయ్యే ఖర్చు 48 మిలియన్ డాలర్లని నగరం లెక్కగట్టింది. 2010లో జార్విస్ వీధిలో వేసినవాటిని 2012లో చెరిపేసిన ఘనచరిత్ర ఈ ఊరికి ముందే ఉంది లెండి. ఈసారి సైకిళ్ళవాళ్ళు కోర్టుకెళ్ళారు. 2025 జూలై 30న తీర్పొచ్చింది, ఇలా పీకడం రాజ్యాంగ విరుద్ధమని. సైకిలు లేన్ మీ హక్కు అని జడ్జిగారు అనలేదు. ఉన్నదాన్ని పీకితే మనుషులు చస్తారని తెలిసి, పీకితే రద్దీ తగ్గుతుందనడానికి ఆధారం లేకుండా పీకకూడదన్నారు. రద్దీ తగ్గకపోవచ్చని ప్రభుత్వానికి వాళ్ళ సలహాదారులే చెప్పారన్న సంగతి కూడా ఆ కేసులోనే బయటపడింది. అయినా ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది!

చస్తారు అన్నది ఊరికే వాడిన మాట కాదు. 2024 జూలైలో అదే బ్లూర్ వీధిలో సైకిలు లేన్‌కి అడ్డంగా కట్టడపు చెత్త డబ్బా పెట్టారు. దాన్ని తప్పించుకోడానికి కార్ల వరసలోకి వచ్చిన 24 ఏళ్ళ అమ్మాయిని లారీ గుద్ది చంపింది. లేన్ అక్కడుంది, అది ఖాళీగా లేదు, అంతే తేడా.

"మంచులో ఎవడు తొక్కుతాడండీ" అన్న ప్రశ్నకి జవాబు మీ గుమ్మంలోకే వస్తుంది, వేడివేడి పార్సిల్ పట్టుకుని. మైనస్ పన్నెండులో మీరు ఆర్డరు చేసిన దమ్ బిర్యానీ తెచ్చేవాడు ఎలా వచ్చాడనుకుంటున్నారు? కిందటి ఫిబ్రవరిలో మా లిఫ్టులో తగిలిన కుర్రాడిది ఖమ్మం. పగలు మాస్టర్స్, రాత్రి ఎలక్ట్రిక్ సైకిలు మీద డెలివరీ. కనుబొమ్మల మీద మంచు ఇంకా కరగలేదు. తెలుగు వినగానే మొహం విప్పారింది. దారి ఎలా ఉందిరా అంటే, "బ్లూర్ మీదున్నంతసేపు ఫర్లేదన్నా, పక్క వీధిలోకి తిరిగినంక పానం గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే" అన్నాడు. వాడి నాన్న అప్పు చేసి పంపుంటాడు. ఆ లేన్ పీకేయాలని పెరుగన్నం దగ్గర తీర్మానం చేసేది మనం. పదిహేనేళ్ళ క్రితం మనమూ వాడి లాంటివాళ్ళమే, కాకపోతే మన టైములో ఈ యాప్‌లు లేవు.

ఒక్క వాదన మాత్రం నేను కాదనను. నడవలేనివాళ్ళ కారు గుమ్మం దాకా రావాలి, సామాన్ల బండి ఆగడానికి చోటుండాలి. కొన్ని చోట్ల లేన్లు వేసినవాళ్ళు దీన్ని సరిగ్గా ఆలోచించలేదు కూడా. మిగిలిన పార్కింగులో ముందు వాటా వీళ్ళకి ఇమ్మని, పక్క వీధి మొదట్లో సామాన్ల బండికి చోటు గీయమని కౌన్సిలర్‌ని నిలదీద్దామంటే చెప్పండి, సంతకం పెట్టడమే కాదు, మీటింగుకి కూడా వస్తా. సైకిలు మీదే వస్తా.