కడపటివాని కోసం నిలిచే ప్రేక్షకుడు

ఆటకు ఆటగాడే ప్రాణమని అందరూ ఒప్పుకుంటారు. ఆ ప్రాణానికి ఊపిరి ప్రేక్షకుడని మాత్రం అంత తేలికగా ఎవరూ ఒప్పుకోరు. కావ్యానికి సహృదయుడు ఎంత అవసరమో మన ఆలంకారికులు ఏనాడో చెప్పారు. ముషాయిరాలో శ్రోతలు ‘వాహ్‌వా’ అనకపోతే షాయరు గొంతు సగంలోనే నీరసిస్తుందని ఉర్దూ శాఖలోని మా మిత్రులు అంటూ ఉంటారు. క్రీడారంగంలోనూ ఇదే సత్యమని మా అభిప్రాయం. ఇందుకు నిదర్శనం కావాలంటే మంచు దేశాలలో జరిగే అంతర్జాతీయ శీతాకాల క్రీడలను చూడాలి.

మంచు కురవటం మేము కంటితో ఎరుగము. ఎండలో పుట్టి ఎండలో పెరిగినవారము. అయినా ఎన్నో ఏళ్లుగా ఈ క్రీడలను తెరమీద ఆసక్తితో చూస్తున్నాము. మమ్మల్ని మొదట ఆకర్షించింది ఆట. కట్టిపడవేసింది మాత్రం ఆ ఆటను చూడవచ్చిన జనం.

నార్వే రాజధాని ఓస్లోను ఆనుకొని హోల్మెన్‌కొల్లెన్ అనే కొండ ఉంది. పాదాలకు పొడవైన బద్దలు బిగించుకొని మంచుమీద జారే స్కీ పోటీలు అక్కడ 1892లో ఆరంభమైనాయి. వాటిలో పేరుపొందినది 50 కిలోమీటర్ల పరుగు. ఆ పరుగు చూడటానికి అభిమానులు ముందు రాత్రే అడవిలో గుడారాలు వేసుకుంటారు. నెగళ్లు రాజేసి చలి కాచుకుంటారు. ఇంత శ్రమకు దక్కే ఫలమేమిటి? చెట్ల నడుమ నిలిచినవాని ముందునుంచి ఆటగాడు కొన్ని క్షణాలలో దూసుకుపోతాడు. అంతే! దీనికోసం గడ్డకట్టే చలిలో నిలవటమెందుకు, ఇంట్లో టెలివిజన్ ముందు కూర్చుంటే పోటీ మొత్తం కనబడుతుంది గదా అని లోకజ్ఞులు అడగవచ్చు. పెళ్లికి వెళ్లటమూ, పెళ్లి ఫోటోలు చూడటమూ ఒకటేనా అన్నదే మా సమాధానం.

జర్మనీ, ఆస్ట్రియా దేశాలలోని నాలుగు కొండలమీద ఏటా నూతన సంవత్సర వేళ స్కీ దూకుడు పోటీలు జరుగుతాయి. ఆటగాడు గాలిలోకి లేచినప్పుడు వేలాది కంఠాలు ఒక్కటై ‘త్సీ’ అని దీర్ఘంగా కేక వేస్తాయి. జర్మను భాషలో ఆ మాటకు ‘లాగు’ అని అర్థం. తమ కేకతోనే అతనిని మరి రెండు గజాలు ముందుకు లాగగలమన్నట్లుంటుంది వారి ఉత్సాహం. ఇది తమాషా చూడటం కాదు, ఆటలో భాగస్వామ్యం.

అయితే గెలిచేవానికి కేకలు వేయటం ఎక్కడైనా ఉన్నదే. అభిమాని హృదయం తెలిసేది కడపటివాని విషయంలో. 1998లో జపానులోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్సులో 10 కిలోమీటర్ల స్కీ పరుగును నార్వే వీరుడు బ్యోర్న్ డాలీ గెలిచాడు. అదే పరుగులో కెన్యా దేశస్థుడు ఫిలిప్ బోయిట్ ఉన్నాడు. అతడు మంచును మొదటిసారి చూసి రెండేళ్లు మాత్రమే అయింది. డాలీ కంటే సుమారు 20 నిమిషాలు ఆలస్యంగా, అందరికంటే చివరివాడుగా, 92వ స్థానంలో అతడు గమ్యం చేరాడు. అప్పటికి డాలీ వెళ్లిపోలేదు. గీత దగ్గర నిలిచి ఉండి ఆ కడపటివానిని కౌగిలించుకున్నాడు. బోయిట్ తరువాత తన కుమారునికి డాలీ పేరు పెట్టుకున్నాడు. స్వర్ణపతకం గెలిచినవాడే ఆ కాసేపు ప్రేక్షకుడైనాడు. ఆ పతకానికి నిజమైన వన్నె అప్పుడే వచ్చిందని మేము భావిస్తాము.

ఇదే నగానోలో మన దేశం నుంచి పాల్గొన్నది 16 ఏళ్ల శివ కేశవన్ ఒక్కడే. లూజ్ అనే మంచుబండిపై వెల్లకిల పడుకొని జారే ఆ ఆటలో అతడు 2018 వరకు వరుసగా ఆరు ఒలింపిక్సులలో పాల్గొన్నాడు. 2022లో బీజింగుకు మన దేశం నుంచి వెళ్లినది కూడా ఒక్కడే: కాశ్మీరుకు చెందిన ఆరిఫ్ మహమ్మద్ ఖాన్. గుల్‌మార్గ్ మంచు వాలులలో స్కీ నేర్చినవాడు. జెయింట్ స్లాలం పోటీలో 45వ స్థానం పొందాడు. పతకాల పట్టిక తప్ప మరేదీ చూడని కంటికి ఈ పేర్లు కనబడవు. కడపటివాని రాకకోసం నిలిచే కంటికే కనబడతాయి.

ఇంత దూరం ఎందుకు పోయామంటే, మన మైదానానికి తిరిగి రావటానికే. మొన్నటి క్రీడోత్సవంలో 1500 మీటర్ల పరుగు జరిగింది. ముగ్గురు గమ్యం చేరగానే చప్పట్లు మ్రోగాయి. ఆ వెంటనే షామియానా ఖాళీ అయింది. ఇంకా ఒక విద్యార్థి చివరి చుట్టు పరుగెత్తుతూనే ఉన్నాడు. అతడు వచ్చేసరికి గీత దగ్గర తాడు చుట్టుకునే అటెండరు తప్ప ఎవరూ లేరు. ఆ లేచిపోయినవారిలో మేమూ ఉన్నామని సిగ్గుతో ఒప్పుకుంటున్నాము. తిరిగి చూసినప్పుడు ఆ పిల్లవాడు బూట్లు చేతబట్టుకొని ఒంటరిగా హాస్టలు వైపు నడుస్తున్నాడు. మరుసటి ఏడు అతడు పేరు ఇవ్వకపోతే తప్పు అతని కాళ్లదా, మన కాళ్లదా?

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. చివరి విద్యార్థి గీత దాటేవరకు విజేతల పేర్లు ప్రకటించవద్దు. పరుగు పూర్తిచేసిన ప్రతివారి పేరూ, పట్టిన కాలమూ రిజిస్టరులో ఎక్కించండి. ఇందుకు పైసా ఖర్చు లేదు. విద్యార్థులారా! అడవిలో రాత్రంతా మేలుకొని ఒక్క క్షణంకోసం ఎదురుచూసే అభిమానులు ఈ లోకంలో ఉన్నారు. మనం చేయవలసినదల్లా మరి రెండు నిమిషాలు ఎండలో నిలవటం. వచ్చే క్రీడోత్సవంనాడు గీత దగ్గర మేము నిలిచి ఉంటాము. మీరూ రండి.