దోసెడు నీటిలో పేరులేని ప్రాణులు

టెక్కలి దగ్గరి తేలినీలాపురమునకు ఏటేటా శీతకాలమున గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చును. వాటిని చూచుటకు మనము బస్సులు కట్టుకొని వెళ్ళుచున్నాము. ఆ పక్షులు తిను చేపల పేర్లు మన బెస్తవారికి కంఠస్థము. ఆ చేపల పిల్లలు తిను, ఆవగింజంతైనను లేని ప్రాణుల పేర్లు అడిగినచో జంతుశాస్త్రము చదివిన మనమే తడబడుదుము. ఈ వ్యాసమునకు కారణము ఆ తడబాటే.

పరీక్షలలో డాఫ్నియా బొమ్మ వేసి నేనును మార్కులు తెచ్చుకొన్నవాడనే. కాని సజీవమైన డాఫ్నియాను, అనగా నీటి ఈగను, చూచినది పాఠములు చెప్పుట ప్రారంభించిన తరువాతనే. ఒక వర్షాకాలమున మందస వైపు కొండ అంచున, గెడ్డ ప్రక్కనున్న గుంటలో ఒక సీసా నీరు ముంచి వెలుతురునకు ఎత్తి పట్టితిని. తెల్లని నలుసులు ఎగిరి ఎగిరి పడుచున్నవి. సూక్ష్మదర్శిని క్రింద చూడగా పారదర్శకమైన దేహములో గుండె కొట్టుకొనుట, తల్లి వీపు సంచిలో పిల్లలు కదలుట స్పష్టముగా కనిపించెను. మరొక జీవి తోక కిరువైపుల రెండు గ్రుడ్ల సంచులను మోయుచున్నది, అది సైక్లాప్సు. పుస్తకములోని బొమ్మకును ఈ ప్రాణమునకును గల దూరము నాకు ఆనాడు తెలిసినది. పుస్తకములోనిది ఎక్కడి చెరువుదో. ఇది మన ఊరిది. దాని జాతి నామమేమని ఒక విద్యార్థి అడిగినపుడు నేను సమాధానము చెప్పలేకపోతిని.

ఈ ప్రాణులు రొయ్యకు, పీతకు దూరపు బంధువులు. క్రస్టేషియా వర్గమునకు చెందినవి. మంచినీటిలో ముఖ్యముగా మూడు కూటములు కనిపించును. సైక్లాప్సు, డయాప్టోమసు మొదలగు కోపిపోడులు. నీటి ఈగలు, అనగా క్లాడోసెరాలు. రెండు చిప్పల నడుమ దాగియుండు ఆస్ట్రకోడులు. 2008లో శాస్త్రజ్ఞులు ప్రపంచమంతటి లెక్క కట్టినపుడు మంచినీటి కోపిపోడులు సుమారు 2,800 జాతులు, క్లాడోసెరాలు సుమారు 620, ఆస్ట్రకోడులు దాదాపు 2,000 అని తేలినది. నీరు సమృద్ధిగా ఉన్నంతకాలము నీటి ఈగలలో ఆడవి మగవాని తోడు లేకయే సంతానమును కనును. గుంట ఎండిపోవు సూచన కనబడగానే మగవి పుట్టును. గట్టి పెంకుగల గ్రుడ్లు ఏర్పడి బురదలో నిద్రించును. తొలకరి పడగానే ఎండిన గుంటలో మరల ప్రాణము లేచును. కొండపై చిన్న మడుగులోనైనను వీటికి నిలువ నీడ దొరకుటకు ఇదియే రహస్యము.

ఇక వర్గీకరణ. ఇది చూడగానే పేరు పెట్టు పని కాదు. సన్నని వలతో నీటిని వడగట్టి, సారాయములోనో ఫార్మలిన్‌లోనో భద్రపరచి, గ్లిజరిన్ బొట్టులో ఉంచి, సూదిమొనతో ఒక్కొక్క కాలును విడదీయవలెను. డయాప్టోమసు వర్గములో మగదాని అయిదవ జత కాళ్ళ ఆకారమే జాతిని నిర్ణయించును. ఒక ముల్లు ఎక్కువా తక్కువా, వంపు లోపలికా వెలుపలికా అని చూచుటకు ఒక పూట పట్టును. ఈ ఓర్పును మన రాష్ట్రములో ఒక జీవితకాలము ఆచరించి చూపినవారు గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు ఆచార్య వై. రంగారెడ్డిగారు. డయాప్టోమిడ్లలోని కొన్ని ప్రజాతులను గుర్తించుటకు వారు వ్రాసిన గ్రంథము 1994లో వెలువడినది.

వారు చెరువులతో ఆగక, నదీతీరపు ఇసుకలోని నీటిని, బావులను, గుహలను వెదకినారు. అందొక కథ కలదు. 1882లో ప్రేగ్ నగరపు ఒక బావినీటిలో కన్నులు లేని ఒక చిన్న ప్రాణి దొరకినది; వెయ్‌దోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు దానికి బాతినెల్లా అని పేరు పెట్టెను. దాని బంధువెవరో అప్పుడు తెలియలేదు. పిమ్మట టాస్మేనియాలో వెల్లింగ్టన్ పర్వతముపై చల్లని మడుగులలో అనాస్పిడిస్ అను ప్రాణి బయటపడెను. ఈ రెండును ఒక ప్రాచీన వంశపు కొమ్మలేయని 1899లో కాల్మన్ చూపెను. ఆ బాతినెల్లా కూటమిలోని హాబ్రోబాతినెల్లా అను ప్రజాతి మొదట మడగాస్కరులో తెలిసినది. 2002లో అదే ప్రజాతికి చెందిన క్రొత్త జాతిని రంగారెడ్డిగారు ఆంధ్రదేశపు నీటిలో చూపి, దానికి నాగార్జునుని పేరు పెట్టినారు. మనకు దగ్గరలోనే, అనంతగిరి కొండలలోని బొర్రా గుహల నుండి వర్ణింపబడిన మరొక జాతి బొర్రా పేరునే మోయుచున్నది.

2011లో ఆస్ట్రేలియా మ్యూజియమునకు చెందిన జార్జి విల్సన్‌తో కలిసి వారు ప్రకటించిన మరొక భూగర్భజల ప్రాణి పేరు ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్. ఒక్క నామములో ఆంధ్రము, షాబుద్దీన్ అను రెండు మాటలు కలిసి ప్రపంచ శాస్త్ర గ్రంథములలో నిలిచినవి. ఉర్దూ, తెలుగు పుటలను ఒకే అట్ట నడుమ కుట్టుకొను మన సంచిక పాఠకులకు ఇంతకంటె తీయని వార్త ఏమున్నది? దీని దగ్గరి చుట్టము 1950లో కాశీ బావులలో చోప్రా, తివారీలు వర్ణించిన నికోల్సియా. దూరపు చుట్టములు ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికా కొండల సెలయేళ్ళలోను కలవు. సముద్రమును దాటలేని ఈ ప్రాణులు అంత దూరమున ఎట్లున్నవి? అవి ప్రయాణము చేయలేదు, నేలయే విడిపోయినది. దక్షిణ భూఖండములు గోండ్వానాగా కలిసియున్న నాటి సాక్ష్యమును అవి చీకటి నీటిలో మోయుచున్నవి.

"ఇవి కూడు పెట్టునా?" అని పెద్దలు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. బొచ్చె చేప ముఖ్యాహారము ఈ జంతుప్లవకములే. మన చేపల చెరువుల పంట వీటిపై నిలిచినది. నీటిలో విషమున్నదో లేదో తేల్చుటకు నీటి ఈగలను అందులో ఉంచి 48 గంటలు గమనించు పరీక్ష దేశదేశములలో ఆచరణలో ఉన్నది. నారికురుపు పురుగు మనిషిని చేరుటకు సైక్లాప్సు వాహకమని ఫెడ్చెంకో 1870 ప్రాంతమున కనుగొనకపోయినచో, నీటిని గుడ్డతో వడగట్టుటయే దానికి విరుగుడని ఎవరికి తెలిసెడిది? ఒకనాడు మన రాష్ట్రమును పీడించిన ఆ వ్యాధి 2000లో దేశమంతటి నుండి తొలగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది.

ఉద్దానమువారికి నీటి విషయము వినోదము కాదు. ఇంటింట మూత్రపిండముల వ్యాధిని చూచిన నేల ఇది. దాని కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. ఈ ప్రాణులు ఆ వ్యాధిని కలిగించునని గాని మాన్పునని గాని నేను చెప్పుట లేదు. 2023 డిసెంబరులో హిరమండలము నుండి నదీజలములు గొట్టముల ద్వారా ఇటు వచ్చుట ప్రారంభమైనది, మంచి పనియే. కాని కుళాయి వచ్చినదని నుయ్యిని మరచినచో, నుయ్యి చెత్తకుండి యగును. గుంట ఇండ్ల స్థలమగును. పశ్చిమ ఆస్ట్రేలియాలో గనులు త్రవ్వుటకు ముందు భూగర్భజల ప్రాణులను పరిశీలింపవలెనని 2003లోనే మార్గదర్శకములు వెలువడినవి. ఆ ప్రాణుల చుట్టములు గల మన నేలపై గుంట పూడ్చుటకు ముందు లోనికి తొంగి చూచువాడైన లేడు. పేరు పెట్టబడని ప్రాణి నశించినచో నష్టపోయితిమని కూడ తెలియదు.

కావున కళాశాల కార్యవర్గమునకు నా విన్నపము చిన్నది. ఒక సన్నని వల, నూరు సీసాలు, ఒక మంచి సూక్ష్మదర్శిని, ఒక దినచర్య పుస్తకము. మందస కొండ మడుగుల నుండి మహేంద్రతనయ సముద్రమున కలియు బారువ వరకు, ప్రతి ఋతువునందును, ఎంచుకొన్న చెరువులను, గుంటలను, నూతులను విద్యార్థులు పరీక్షింపవలెను. ప్రతి సీసాపై ఊరు, తేది, లోతు, సేకరించినవారి పేరు ఉండవలెను. చీటీ లేని సీసా ఎంత అరుదైన ప్రాణిని దాచినను శాస్త్రమునకు వ్యర్థము. చెరువు చరిత్రను ఆ ఊరి వృద్ధులను అడిగి, వారు చెప్పిన తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసికొనవలెను. మనము తేల్చలేని వాటిని విశ్వవిద్యాలయములకు, 1916లో స్థాపింపబడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు పంపవచ్చును. క్రొత్త జాతి దొరకునని నేను వాగ్దానము చేయజాలను. కాని పది సంవత్సరముల తరువాత ఒక చెరువు ఎట్లుండెడిదని ఎవరైన అడిగినచో, సమాధానము మన బీరువాలో ఉండును.

విద్యార్థులారా! ఈసారి బొమ్మను పుస్తకము చూచి వేయకుడు. ముందు ఒక సీసా తీసికొని మీ ఊరి చెరువు గట్టునకు వెళ్ళుడు.