రంగు పేరుతో మనిషిని తక్కువ చేయబోమని బ్యూటీషియన్ల సంఘం తీర్మానం

పట్టణ బ్యూటీషియన్ల సంఘం సర్వసభ్య సమావేశం అధ్యక్షురాలి ఆధ్వర్యంలో జరిగి, కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

పుట్టిన పాప చెవి అంచులు చూసి పెద్దయ్యాక ఏ రంగు తేలుతుందో చెప్పేస్తారు. కడుపుతో ఉన్న కోడలికి తెల్లటి బిడ్డ కోసం కుంకుమపువ్వు పాలు తాగిస్తారు. పెళ్లిచూపుల్లో "పిల్ల కళగానే ఉంది, రంగే కాస్త తక్కువ" అంటారు. ఆ మాటలన్నీ మోసుకునే ఆడపిల్ల మన కుర్చీలో కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు కనుక ఎదురుచెప్పడానికి ఆమెకు నోరు రాదు. ఆమె పక్షాన మనం మాట్లాడాలని ఈ సమావేశం భావిస్తోంది.

చర్చలో ఎక్కువ సమయం క్రీములకే పట్టింది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లున్న పూతలను ఫెయిర్‌నెస్ క్రీములుగా వాడుతున్నారు. మొదట్లో ముఖం తేటపడినట్టే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రటి సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మానేద్దామంటే మంట, ఆ మంటకు తాళలేక మళ్లీ అదే క్రీము. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా మందుల షాపులో పేరు చెబితే చేతికిస్తున్నారు. ఊరూ పేరూ లేని డబ్బాల్లో వచ్చే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ'గా మారింది. పేరు మార్చినంత మాత్రాన సరిపోదని మన కౌంటర్ల దగ్గర రోజూ చూస్తున్నాం.

రంగు చూసి తక్కువ చేయడం క్రీములతోనే ఆగదు. తెలుగు మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా గెలిచినప్పుడు అక్కడ కొందరు ఆమెను విదేశీయురాలని, ఉగ్రవాదని దూషించారు. అదే సమయంలో, ఆ రంగుతో మన దేశంలోనైతే గెలిచేది కాదన్న మాటా వినిపించింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో జాతి ద్వేషంతో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పుడు మనమంతా కన్నీళ్లు పెట్టుకున్నాం. హైదరాబాద్‌కు చదువుకోడానికి వచ్చే ఆఫ్రికా విద్యార్థులను, మన పార్లర్లలోనే పనిచేసే ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిలను ముఖం చూసి వెక్కిరిస్తే, ఆ కన్నీళ్లకు మనమే ద్రోహం చేసినట్టు.

కావున ఈ సంఘం తీర్మానించడమేమనగా:

సభ్యుల పార్లర్ల రేటు బోర్డుల మీద 'ఫెయిర్‌నెస్', 'వైటెనింగ్' అన్న మాటలు ఇకపై ఉండవు. చీటీ లేని స్టెరాయిడ్ క్రీములు, లేబుల్ లేని డబ్బాలు అమ్మబోము, రాయబోము.

పెళ్లికూతురికి ఫౌండేషన్‌ను దవడ, మెడ కలిసేచోట రాసి చూసి, ఆమె ఒంటిరంగుకు సరిపోయే షేడే వేస్తాము. ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగుగా కనిపించే మేకప్ మంచి పనితనం కాదు. ముదురు షేడ్లు ప్రతి పార్లర్‌లోనూ ఉండాలి. తోడొచ్చిన పెద్దవాళ్లు "ఇంకా తెల్లగా" అని పట్టుబడితే, "నీకెలా కావాలమ్మా?" అని అమ్మాయినే అడగాలి.

మెడ వెనుక చర్మం మందంగా, నల్లగా మారిన కస్టమర్ వస్తే స్క్రబ్‌తో రుద్దవద్దు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి అది గుర్తు కావచ్చు. షుగర్ పరీక్ష చేయించుకోమని చెప్పి పంపాలి, ఆరోజు డబ్బులు తీసుకోకూడదు.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు రంగు, ప్రాంతం చూడకూడదు. ఒకే పనికి ఒకే జీతం. వెక్కిరింపు పేర్లతో పిలిచే కస్టమర్‌కు యజమానే అక్కడికక్కడ అడ్డుచెప్పాలి, పనిచేసే పిల్లను ఒంటరిగా వదలకూడదు.

పొద్దుటినుంచి నిలబడి ఇతరులను తీర్చిదిద్దే మన ఒంటినీ మనం చూసుకోవాలి. బ్లీచ్ కలిపేటప్పుడు గ్లౌజులు, గాలి ఆడే గది, వేళకు భోజనం, వారానికొక సెలవు పార్లర్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ హక్కుగా ఇవ్వాలి.

ఈ తీర్మానం వచ్చే ఉగాది నుంచి అమల్లోకి వస్తుంది. ప్రతులను సభ్యుల పార్లర్లలో అద్దాల పక్కన అతికించాలని, ఒక ప్రతిని ఔషధ నియంత్రణ అధికారులకు వినతిపత్రంతో కలిపి అందజేయాలని కార్యదర్శిని ఆదేశించడమైనది.