పొట్టి పెట్టె – పొడుగు బండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వీధులలో సాయంకాలపు నడక మాకు చాలాకాలంగా అలవాటు. ఉత్తరాంధ్ర నుండి రైల్వే కొలువులకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా నివసిస్తున్నవి. ఆ మిత్రులలో, పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఇటీవల మమ్ములను ఆపి, “ఇంజనీరు గారూ, అమెరికాలో ఉన్న మా అబ్బాయికి ఒక చిక్కు వచ్చిపడింది. మీరే తీర్చాలి” అన్నారు.

చిక్కు ఇది. ఆ అబ్బాయి టెక్సాస్‌లో ఒక పికప్ వాహనం కొన్నాడు. దాని వెనుక తొట్టి పొడవు 8 అడుగులు. సెలవులలో భార్యాబిడ్డలతో ఊళ్ళు తిరగడానికని పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చిన చిన్న గదివంటి పెట్టెను కూడా పాతది చౌకగా కొన్నాడు. తొట్టిలో కూర్చోబెట్టే ఈ పెట్టెను అక్కడ క్యాంపర్ అంటారు. అయితే అది ఆరున్నర అడుగుల తొట్టికోసం తయారైనది. “పొట్టి బండిలో పొడుగు పెట్టె పట్టదంటే అర్థమున్నది గాని, పెద్ద తొట్టిలో చిన్న పెట్టె పెట్టడానికి ఇంత ఆలోచన ఎందుకండీ?” అన్నది పెద్దాయన సందేహం.

పట్టడం వేరు, కుదరడం వేరు. ఈ భేదాన్ని మేము నేర్చుకున్నది పుస్తకంలో కాదు. పాఠక మిత్రులు మన్నిస్తే, ముప్పై ఏళ్ళనాటి మా పొరపాటును ఇక్కడ ఒప్పుకుంటాము.

అప్పట్లో మేము కొత్తగా కొలువులో చేరిన ఇంజనీరులము. ఒక డీజిల్ పంపును లారీమీద గనికి చేర్చే పని మాకు అప్పగించారు. పంపు పొట్టిది, లారీ పొడుగుది. గనివద్ద దించడం సులువవుతుందని పంపును తొట్టి చిట్టచివర పెట్టించి, త్రాళ్ళతో బిగించి బయలుదేరాము. రతన్‌పూర్ దాటిన తరువాత ఒక ఎత్తు ఎక్కుతూ ఉండగా వృద్ధుడైన డ్రైవరు, “బాబూ, స్టీరింగు తేలిపోతోంది. చక్రం తిప్పినా బండి మాట వినడం లేదు” అన్నాడు. ఆలస్యమవుతుందని మేము విసుక్కున్నాము. ముందు మలుపు వద్ద బండి తిరగవలసినంత తిరగక కల్వర్టు అంచుకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు మాతో వాదించలేదు. దిగి, గునపాలు, దుంగలు తెప్పించి, కూలీలచేత పంపును క్యాబిన్ వైపుకు జరిపించాడు. ఆ తరువాత ప్రయాణం హాయిగా సాగింది. మా పట్టా ఆనాడు మాకు చెప్పని విషయాన్ని ఆయన చేతులు చెప్పినవి.

కారణం త్రాసులో ఉన్నది. ప్రతి వస్తువుకూ బరువంతా కూడినట్లుండే ఒక బిందువు ఉంటుంది. దానిని గరిమనాభి అంటారు. అది వెనుక ఇరుసుకు ముందు ఉంటే బరువులో కొంత ముందు చక్రాలకు చేరుతుంది. వెనుక ఉంటే, వెనుక ఇరుసే ఆధారంగా బండి ముక్కు పైకి లేవజూస్తుంది. ఉదాహరణకు ఇరుసుల మధ్య దూరం 350 సెంటీమీటర్లు, పెట్టె బరువు 1,000 కిలోలు అనుకుందాము. గరిమనాభి వెనుక ఇరుసుకు 35 సెంటీమీటర్లు ముందున్నచో ముందు చక్రాలమీద 100 కిలోలు అదనంగా పడతాయి. అదే పెట్టెను 45 సెంటీమీటర్లు వెనుకకు జరిపితే గరిమనాభి ఇరుసుకు 10 సెంటీమీటర్లు వెనుకకు పోతుంది. ముందు చక్రాలు అదనపు బరువు పొందడానికి బదులు తమకున్న దానిలోనే సుమారు 29 కిలోలు కోల్పోతాయి. బండిని తిప్పేవి ఆ చక్రాలే గదా!

ఎనిమిదడుగుల తొట్టికీ ఆరున్నర అడుగుల పెట్టెకూ తేడా కూడా సుమారు 45 సెంటీమీటర్లే. కనుక పెట్టెను తొట్టి ముందుగోడకు ఆనించాలి. కాని కొన్ని పొట్టి క్యాంపర్లకు తొట్టి చివర దాటి ఇరువైపులా విస్తరించే భాగాలుంటాయి. పొడుగు తొట్టిలో అవి వెనుక అంచుకు తగిలి, పెట్టెను ముందుకు పోనీయవు. అప్పుడు ముందుభాగంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే రెండవ ప్రమాదం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెట్టె ముందుకు దూకుతుంది. సరుకు కట్టే నిబంధనలు ముందువైపు బలాన్ని బరువులో 0.8 వంతుగా లెక్కించమంటాయి. అంటే 1,000 కిలోల పెట్టెను ఆపడానికి 800 కిలోల బలం కావాలి. దానికి పట్టీలు మాత్రమే చాలవు. ఖాళీలో కదలని గట్టి చెక్కచట్రం బిగించాలి.

ఈ చిక్కును మన యార్డుల మీదుగా సాగే కంటైనరు రైళ్ళు ఎంత చక్కగా విప్పుకున్నవో చూడండి. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీ వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ ఓడమీద 58 పెట్టెలను న్యూఆర్క్ నుండి హూస్టన్‌కు పంపించాడు. ఆయన పెట్టెలు 35 అడుగులవి, మరొక కంపెనీవి 24 అడుగులవి. ఒకరి పెట్టె మరొకరి బండికి కుదరేది కాదు. తరువాత అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడినవి. నలభై అడుగుల పెట్టె పొడవు 12,192 మిల్లీమీటర్లు. ఇరవై అడుగులది సరిగ్గా అందులో సగం కాదు, 6,058 మాత్రమే. రెండింటిని వరుసగా పెడితే 76 మిల్లీమీటర్లు మిగులుతుంది. అది అజాగ్రత్తవల్ల మిగిలినది కాదు, రెండు పొట్టి పెట్టెలు ఒక పొడుగు పెట్టె స్థానంలో ఒరుసుకోకుండా కూర్చోవడానికి కోరి విడిచినది. పైగా ప్రతి పెట్టె మూలలను బండి తాళాలు పట్టి ఉంచుతాయి. లెక్కించి విడిచిన ఖాళీ కుదురునిస్తుంది, గమనించక విడిచిన ఖాళీ ప్రాణాలమీదికి తెస్తుంది.

పెద్దాయన ద్వారా ఆ అబ్బాయికి మేము చెప్పి పంపినవి నాలుగు మాటలు. క్యాంపరు మీద గరిమనాభి గుర్తు ఎక్కడున్నదో చూసి, అది వెనుక ఇరుసుకు ముందు పడేటట్లు చూసుకో. ఖాళీని చట్రంతో నింపు. ట్యాంకు నింపి, భార్యాబిడ్డలను ఎక్కించుకొని వేబ్రిడ్జిమీద ఒక్కొక్క ఇరుసును విడిగా తూచు. నూరు లీటర్ల నీరంటే నూరు కిలోలని మరువకు. ఆ అంకెలు బండికీ టైర్లకూ నిర్ణయించిన పరిమితిని మించితే, పెట్టె ఎంత చౌకగా వచ్చినా వదులుకో.

బదిలీలు మన కుటుంబాలకు కొత్త కావు. సగం లారీకి సరిపడే సామానుతో పూర్తి లారీ మాట్లాడుకొనే రోజున గృహిణులు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలని మనవి. ఇనుప బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వంటివి క్యాబిన్‌కు ఆనించి, అడుగున ఉంచండి. వాటి మధ్య సందులను పరుపులతో బిగించండి. దించడం సులువని బరువును చివర పెట్టించకండి. డ్రైవరు ఏదైనా అన్నచో, విసుక్కోకుండా వినండి.