పాత జీపుకు పవర్ స్టీరింగ్ – ముందు కింద చూడండి

టమాటా బాక్సులతో మదనపల్లె మార్కెట్టుకు వచ్చే పాత మహీంద్రా జీపులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. పుంగనూరు, కుప్పం గుట్టబాటల్లో వాటికి సాటి లేదు. కానీ లోడుతో మలుపు తిప్పాలంటే భుజాలు పడిపోతాయి. అందుకే పవర్ స్టీరింగ్ మాట వినిపిస్తోంది.

మేము వద్దనడం లేదు. యాభై దాటిన రైతుకు అది సోకు కాదు, అవసరం. అయితే టైర్లలో గాలి తక్కువైనా, కింగ్‌పిన్లకు గ్రీజు లేకున్నా స్టీరింగ్ బరువెక్కుతుంది. ముందు అవి సరిచేయించండి. అరిగిన టైరాడ్ ఎండ్ల మీదే పవర్ స్టీరింగ్ బిగిస్తే చేతికి సుఖం, ప్రాణానికి ముప్పు.

దీని పంపు ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ మరింత బిగుసుకుంటుంది. డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి ఘాట్ దిగే అలవాటు మానాలి. స్టీరింగ్ భాగాలకు వెల్డింగ్ ఒప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. లేకుంటే ప్రమాదం జరిగిననాడు బీమా దగ్గర చిక్కే.

2023 జూలైలో మదనపల్లెలో కిలో టమాటా 200 రూపాయల దరిదాపులకు వెళ్లి, కొన్ని వారాలకే పడిపోయింది. అలాంటి ధరను నమ్ముకుని బండికి అప్పు చేయొద్దు. పల్లె మెకానిక్కులకు ఐటీఐల్లో ఈ పని నేర్పాలని ప్రభుత్వాన్ని గట్టిగా అడుగుదాం.